వడ్డీ తిను, అసలు ముట్టుకోబాక: ఈ సలహా ఎవరిది, ఎవరికి?

నేలటూరు థర్మల్‌లోనో, కృష్ణపట్నం పోర్టులోనో, పంటపాళెం నూనె ఫ్యాక్టరీల్లోనో పనిచేసి దిగిపోయే మనిషికి ఆ సాయంత్రం శాలువాతో పాటు ఒక సలహా కూడా దక్కుతుంది. “వచ్చిన డబ్బు బ్యాంకులో వేసుకుని వడ్డీ తినండి సార్. అసలు మాత్రం ముట్టుకోబాకండి.” యూనియన్ నాయకుడు చెబుతాడు, బావమరిది చెబుతాడు, శాలువా కప్పిన ఆఫీసరూ చెబుతాడు. ఇంటికొచ్చాక కొడుకూ అదే చెబుతాడు, అతని కారణం వేరే. ముత్తుకూరు నుంచి నెల్లూరు దాకా ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్లు దాదాపు లేరు. ఇంతమంది ఒప్పుకున్నారు కాబట్టే దాన్ని గట్టిగా పట్టి చూడాలి. చూస్తే అందులో రెండు ముక్కలూ తప్పే. మొదటి ఏళ్లలో వడ్డీ అంతా తినకూడదు. చివరి ఏళ్లలో అసలు దాచకూడదు.

ఈ సలహా పొలం ఉన్న ఇంట్లో పుట్టింది. పంట తింటాం, పొలం తినం. పెన్నా కింద వరి పండించిన కుటుంబాలకు ఇది సహజంగా అబ్బిన జ్ఞానం, పొలం వరకూ అది నిజం కూడా. వడ్ల రేటు పెరిగితే పొలం రాబడీ పెరుగుతుంది. ధరల వెంట పొలం తనంతట తానే నడుస్తుంది. బ్యాంకులో వేసిన 40 లక్షలకు ఆ గుణం లేదు. దాని మీద వచ్చే వడ్డీ ఈ ఏడాది ఎంతో పదేళ్ల తర్వాతా అంతే, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ 2004లో మొదలైనప్పుడు 9 శాతం ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో కొత్త ఖాతాలకు ఒక్కసారిగా 8.6 నుంచి 7.4కు దింపారు. 2023 ఏప్రిల్‌లో 8.2కు ఎక్కింది. డిపాజిట్ ఐదేళ్ల గడువు 2020 మే నెలలో తీరినవాడు ఏ తప్పూ చేయకుండానే రాబడి పోగొట్టుకున్నాడు. పొలానికి సరిపోయే నీతిని నోట్ల కట్టకు అంటగట్టాం, చిక్కంతా అక్కడే.

ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. ఈ సలహా ఇచ్చే పెద్దల్లో చాలామంది పాత పెన్షన్ తీసుకుంటున్నవాళ్లు. రాష్ట్ర ప్రభుత్వంలో 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారికి ఆఖరి జీతంలో సగం దాకా పెన్షన్, దాని మీద కరువు భత్యం. భత్యం బకాయిల కోసం వాళ్లు ధర్నాలు చేస్తారు, చేయాల్సిందే. కానీ ఆలస్యంగానైనా పెరిగే ఆదాయం వాళ్లది. గ్రాట్యుటీని, కమ్యుటేషన్ డబ్బును ముట్టుకోకుండా ఉంచడం వాళ్లకు సులువు, ఎందుకంటే వాళ్ల నెల గడవడానికి ఆ డబ్బుతో పనే లేదు. అదే మాట పోర్టులో క్రేను నడిపి దిగిపోయినవాడికి చెబితే ఏమవుతుంది?

అతని లెక్క చూద్దాం. పోర్టు 2008లో తెరిచారు. అప్పుడే చేరినవాడు 18 ఏళ్ల సర్వీసుతో 58 నిండి బయటికొస్తే ఈపీఎఫ్‌వో పెన్షన్ సూత్రం ఇది: జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునేది 15,000 మాత్రమే. అంటే నెలకు 3,857 రూపాయలు. 2014 సెప్టెంబరుకు ముందు ఆ పరిమితి 6,500 కాబట్టి చేతికొచ్చేది ఇంకా తక్కువ. ఈ పెన్షన్‌కు కరువు భత్యం లేదు. 2014లో కనీస పెన్షన్ వెయ్యి రూపాయలుగా పెట్టారు, ఆ వెయ్యి ఇంకా వెయ్యిగానే ఉండిపోయింది. ఇలాంటి మనిషికి పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బే పెన్షన్. దాన్ని ముట్టుకోవద్దనడం జీతం తీసుకోవద్దనడంతో సమానం.

ఇప్పుడు అంకెలు. లెక్క తేలిక కోసం 60 ఏళ్ల మనిషి చేతిలో 40 లక్షలు ఉన్నాయనుకుందాం. అందరికీ అంత రాదు. పది లక్షలే వచ్చినవాళ్లు నాలుగో వంతు చేసుకుంటే సరిపోతుంది. వడ్డీ 7 శాతం, ధరల పెరుగుదల ఏడాదికి 5 శాతం అనుకుందాం.

సలహా ప్రకారం నడిస్తే నెలకు 23,333 రూపాయలు వస్తాయి. మొదటి నెల అది పుష్కలం. మనవరాలికి గొలుసు, తిరుమలకు కారు, ఇంటికి రంగులు. 14 ఏళ్లు తిరిగేసరికి అదే 23,333 కొనగలిగేది సగం. 80 ఏళ్లకు అది ఈనాటి 8,800 రూపాయలతో సమానం. మందుల ఖర్చు పెరిగి, స్కూటర్ వదిలేసి ఆటో మీద ఆధారపడే వయసులో ఆదాయం మూడో వంతుకు దగ్గరగా వచ్చింది. పోనీ అసలు క్షేమంగా ఉందా? పాస్‌బుక్కులో 40 లక్షలే కనబడతాయి. 85వ ఏట వాటి విలువ ఈనాటి లెక్కలో 12 లక్షల లోపు. మనం ముట్టుకోని అసలును ధరలు పాతికేళ్లుగా తింటూనే ఉన్నాయి. మనం తినలేదంతే.

ఇంకో దారి. మొదటి ఏడాది నెలకు 16,500 మాత్రమే తీసుకుని, ఏటా 5 శాతం చొప్పున పెంచుకుంటూ పోతే? మొదటి ఏడేళ్లు వడ్డీ కన్నా తక్కువే ఖర్చవుతుంది. మిగిలింది అసలులో కలిసి ఖాతా 43 లక్షల దాకా పెరుగుతుంది. ఎనిమిదో ఏడు నెల ఖర్చు 23,000 దాటుతుంది, ఆ తర్వాత అసలు తరగడం మొదలవుతుంది. 80 ఏళ్లకు నెలకు దాదాపు 44,000 తీసుకుంటున్నాడు, అది కొనేది ఇవాళ్టి 16,500 కొన్నంత. 85 దాకా డబ్బు వస్తుంది. అరవైలో కొంచెం బిగబట్టి ఎనభైలో గౌరవంగా బతికే పద్ధతి ఇది. మన పెద్దల సూత్రం దీన్ని తలకిందులు చేసింది: కాళ్లూ చేతులూ ఆడుతున్నప్పుడు పండగ, మంచాన పడ్డాక పస్తు.

దీనికి వచ్చే ఎదురు మాటల్లో బలమైనది లెక్కల్లోంచి రాదు, ఇంట్లోంచి వస్తుంది. చేతిలో డబ్బుంటేనే పిల్లలు చూస్తారు, అది కరిగిపోతోందని తెలిస్తే మంచినీళ్లు కూడా అడిగి తాగాల్సి వస్తుంది. నవ్వి తోసేయదగ్గ మాట కాదిది. అయితే ఏ డబ్బుకు గౌరవం వస్తోందో చూడండి. ఒకటో తారీఖున ఖాతాలో పెన్షన్ పడే ముసలాయనకు ఇంట్లో ఇచ్చే మర్యాద, ఎప్పటికైనా మనదే అనుకునే డిపాజిట్ పెట్టుకున్న ముసలాయనకు ఇవ్వరు. రెండో ఆయన తన డబ్బుకు తానే కాపలాదారు. పైగా మొత్తంగా పడున్న డబ్బును అడగొచ్చు. పోర్టు బొగ్గు తోలడానికి టిప్పర్ కొంటానంటాడు చిన్నోడు, ఇంటి మీద ఇంకో అంతస్తు అంటాడు పెద్దోడు, అల్లుడి సంగతి చెప్పనక్కర్లేదు. ‘ముట్టుకోబాక’ అన్న నోళ్లే ‘సర్దు నాయనా’ అంటాయి. నెలనెలా వచ్చే ఆదాయంగా మార్చేసిన డబ్బును అలా అడగడానికి దారి ఉండదు.

ఇచ్చేశాక చూడకపోతే చట్టం ఉందంటారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేయొచ్చు. చూసుకుంటామనే షరతు మీద రాసిచ్చిన ఆస్తిని 23వ సెక్షన్ కింద వెనక్కి తీసుకోవచ్చు. ఆ చట్టంలో పోషణ భత్యానికి పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకు 10,000. కన్నకొడుకు మీద కాగితం పట్టుకుని ఆఫీసు మెట్లెక్కే స్థితిని వృద్ధాప్య ప్రణాళికలో ముందే రాసుకుంటామా?

ఈ తీరంలో సూత్రానికి ఇంకో రూపం ఉంది: బ్యాంకులో ఎందుకు, భూమి కొను. పోర్టు వచ్చిన రోజు నుంచి ముత్తుకూరు రోడ్డు వెంట వెంచర్ల రాళ్లు పాతుతూనే ఉన్నారు. రిటైరైన డబ్బుతో అంకణాల లెక్కన స్థలం కొని పడేస్తే చాలు, పోర్టే మనకు పెన్షన్ అన్నారు. మొదట్లో కొన్న కొందరికి బాగా కలిసొచ్చింది, అబద్ధం కాదు. కలిసొచ్చినవాళ్ల పేర్లు మాత్రమే టీ కొట్ల దగ్గర వినిపిస్తాయి, అదీ అబద్ధం కాదు. 2020 అక్టోబరులో పోర్టులో 75 శాతం అదానీ చేతికి వెళ్లింది, మరుసటి ఏడాది మిగతా పాతికా. 2024 మొదట్లో కంటైనర్ నౌకలు రావడం లేదని పెద్ద గొడవ జరిగింది. కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరు 30న ఆమోదం తెలిపింది. ప్రధాని శంకుస్థాపన 2025 జనవరి 8న. ఆమోదానికీ రాయికీ మధ్య నాలుగేళ్లు. దేశానికి అది పెద్ద జాప్యం కాకపోవచ్చు. నెలనెలా బీపీ మాత్రలు కొనే మనిషికి మాత్రం 48 నెలలు. స్థలంలో నాలుగు అంకణాలు కోసి మందుల షాపులో ఇవ్వలేం. అమ్మితే మొత్తం అమ్మాలి, అదీ కొనేవాడు చెప్పిన రేటుకు, కొనేవాడు వచ్చిన రోజున. ప్లాటు రాబడి ఇవ్వదు, ఆశ ఇస్తుంది. అరవై దాటాక ఆశ మీద పెట్టుబడి పెట్టే స్తోమత చాలామందికి ఉండదు.

మూడో రూపం ప్రోనోటు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నిజంగానే నెలనెలా చేతికొస్తుంది, అందుకే ఊరించేది ఇదే. ఎవరికిస్తున్నాం? ఎక్కువగా రొయ్యల గుంటలకు. 24 శాతానికి అప్పు తీసుకునేవాడికి బ్యాంకు ఇవ్వలేదని అర్థం, ఎందుకివ్వలేదో బ్యాంకుకు తెలుసు. ఈ తీరం 1994–95లో తెల్లమచ్చ వైరస్ చూసింది. గుంటలకు గుంటలు తేలిపోయాయి. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. వనామీ రొయ్య వచ్చాక మళ్లీ లేచారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచేసరికి రొయ్య రేటు పడింది. వైరస్ వచ్చినా ట్రంప్ వచ్చినా ముందు ఆగేది ప్రోనోటు వడ్డీయే. ప్రోనోటుకు మూడేళ్ల గడువు. ఈలోగా చెల్లు వేయించుకోకపోతే కాగితం చిత్తుకాగితం. వేయించుకున్నా అవతలివాడు ఐపీ పెడితే కోర్టు నుంచి నోటీసు వస్తుంది, అందులో మన పేరు నలభై మంది అప్పులోళ్ల మధ్య ఉంటుంది. అసలు ముట్టుకోకూడదని ప్రమాణం చేసినవాళ్లు దాన్ని మూటగట్టి ఇంకొకరి చేతిలో పెట్టిన కథలివి. డిపాజిట్లు తిరిగివ్వని అగ్రిగోల్డ్ సంస్థలో చిక్కుకున్న దాదాపు 32 లక్షల మందీ ఈ కోవలోవాళ్లే. వాళ్లు ఖర్చు చేసేసి చెడలేదు, దాచుకుని చెడ్డారు.

మొత్తం డబ్బు ఒక్కసారి చేతికొచ్చే కష్టం ఇక్కడ ఉద్యోగులకే పరిమితం కాదు. థర్మల్‌కూ పోర్టుకూ భూములిచ్చిన కుటుంబాలు ముందే చవిచూశాయి. పరిహారం ఒక్క చెక్కుగా వచ్చింది, పొలం మాత్రం ఏటేటా పండేది. ఆ తేడాను పార్లమెంటు గుర్తించింది. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలులో నష్టపోయిన కుటుంబానికి మూడు దారులు పెట్టారు: ఒక ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్ల పాటు నెలకు 2,000కు తగ్గకుండా, వ్యవసాయ కూలీల ధరల సూచీతో పాటు పెరిగే నెలసరి చెల్లింపు. రెండు వేలు చాలా తక్కువ, సందేహం లేదు. కానీ ఆ చివరి షరతు చూడండి. ధరలతో పాటు పెరగాలన్న మాట మన బ్యాంకు డిపాజిట్లలో ఎక్కడా లేదు, భూములు పోయినవాళ్ల కోసం రాసిన షెడ్యూలులో ఉంది. అమరావతి ల్యాండ్ పూలింగ్‌లోనూ ఇదే ఆలోచన: మెట్ట ఎకరానికి ఏడాదికి 30,000, జరీబుకు 50,000 కౌలు, ఏటా పది శాతం పెంపు, పదేళ్లు. చెల్లింపులు మధ్యలో ఆగి రైతులు కోర్టుకెక్కాల్సి వచ్చిందనేదీ నిజమే. అది ఇచ్చేవాడి మాట మీద ఆధారపడటంలోని దోషం. పెరుగుతూ వచ్చే ఆదాయం కావాలన్న ఆలోచనది కాదు.

ఇక యాన్యుటీ. ఎల్‌ఐసీ లాంటి సంస్థకు ఒకేసారి డబ్బు కట్టి బతికినంత కాలం నెలనెలా తీసుకోవడం. దీని పేరెత్తితే మనవాళ్లు మండిపడతారు. “రెండేళ్లకే పోతే డబ్బంతా వాళ్లకు వదిలేయడమా?” అని. అందుకే కొన్నవాళ్లు కూడా, తాము పోయాక అసలు తిరిగిచ్చే రకమే తీసుకుంటారు, దాని మీద నెలకు వచ్చేది తక్కువని తెలిసీ. ఇక్కడా అసలు మీద అదే మోజు. త్వరగా పోయినవారి డబ్బుతో 95 దాకా బతికినవారికి చెల్లించడమే యాన్యుటీ పనిచేసే తీరు. ఇల్లు కాలలేదని ఎవరూ అగ్ని ప్రమాద బీమా డబ్బులకు ఏడవరు. పైన చెప్పిన నా లెక్క 85కి ఆగిపోతుంది. 86వ ఏటికి జవాబు యాన్యుటీలోనే ఉంది. దీని లోపం వేరే: మన దేశంలో అమ్మే యాన్యుటీల్లో ఎక్కువ భాగం ధరలతో పెరగవు. కాబట్టి 60కే డబ్బంతా దాంట్లో పోయడం తెలివితక్కువ. 70 దగ్గరపడ్డాక, అసలు తిరిగిరాని రకం, కొంత భాగంతో కొనాలి. ఆ వయసులో ఈ రెండు రకాల రాబడి మధ్య తేడా బాగా పెరుగుతుంది.

2025 డిసెంబరులో ఎన్‌పీఎస్‌లోని ప్రభుత్వేతర చందాదారులకు తప్పనిసరి యాన్యుటీ వాటాను 40 నుంచి 20 శాతానికి తగ్గించారు. ‘మా డబ్బు మా చేతికి’ అని సంబరపడ్డారు. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి కేంద్రం తన ఉద్యోగులకు యూపీఎస్ తెచ్చింది: పాతికేళ్ల సర్వీసుకు ఆఖరి ఏడాది సగటు మూల వేతనంలో సగం, దాని మీద కరువు ఉపశమనం. గమనించారా? పోరాడి గెలవగలిగినవాళ్లు పెరిగే నెలసరి ఆదాయం అడిగి తెచ్చుకున్నారు. మిగతావాళ్లకు మొత్తం చేతికిచ్చి స్వేచ్ఛ అన్నారు.

ఇంతకీ ఆ 40 లక్షలు ఏం చేయాలి? పెద్ద మంత్రమేమీ లేదు. 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ స్కీములో. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500, అంటే నెలకు 20,500. ఖర్చు 16,500 దగ్గర ఆపితే మిగిలిన 4,000 ప్రతినెలా ఆర్డీకి వెళ్తాయి. ఐదు లక్షలు వైద్యానికి విడిగా, రేపే తీయగలిగేలా బ్యాంకులో. ఒక బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల వరకే బీమా ఉందన్నది గుర్తుంటే మంచిది, సహకార బ్యాంకైతే మరీను. మిగిలిన ఐదు లక్షలు మ్యూచువల్ ఫండ్లో వేసి పదేళ్లు మరిచిపోవచ్చు, గుండె నిబ్బరం ఉంటే. అంతా ఫండ్లో పెట్టి నెలనెలా తీసుకోమని నెల్లూరు ఏజెంట్లు ఇప్పుడు చెబుతున్న పాఠం వేరు; 2008లో పది నెలల్లో సెన్సెక్స్ సగానికి పైగా పడిందని వాళ్ల కాగితంలో ఉండదు. ఐదేళ్ల గడువు తీరినప్పుడల్లా కూర్చుని లెక్క చూసుకోవాలి, 68 తర్వాత అసలు తగ్గుతుంటే కంగారు పడకూడదు. అది తగ్గడానికే ఉంది.

ఒక్క విషయం మాత్రం అరవైలోనే తేల్చుకోవాలి. మన ఇళ్లలో సాధారణంగా భార్య చిన్నది, ఎక్కువ కాలం బతికేదీ ఆమే. ఈపీఎఫ్‌వో పెన్షన్‌లో వితంతువుకు వచ్చేది సగం. ప్రోనోట్లు ఎవరి పేరున ఉన్నాయో చాలామంది ఆడవాళ్లకు తెలియదు, ప్లాటు హద్దులూ తెలియవు. ఆయన పాతికేళ్లు కాపాడిన అసలు మీద పెద్దకర్మ నాడే మాటలు మొదలవుతాయి. కొడుకులు పంచుకుంటారు, తల్లి పంపకంలో వంతులకు వస్తుంది, నెలకొక ఇంట్లో. కాబట్టి స్కీము ఖాతా భార్యతో కలిపి తెరవాలి, నామినీగా ఆమె పేరే రాయాలి, యాన్యుటీ ఎప్పుడు కొన్నా ఇద్దరి జీవితకాలానికీ వర్తించే రకమే కొనాలి. దానికి నెలకు కొన్ని వందలు తక్కువ వస్తాయి. ఆ కాలమ్ దగ్గర ఏజెంటు “కొడుకు పేరు రాద్దామా సార్” అని అడుగుతాడు. అక్కడ ఆయన ఏం రాస్తాడన్న దాని మీదే ఆమె చివరి పదేళ్లూ ఆధారపడి ఉన్నాయి.